ముప్పై డిగ్రీలు

"ఐదు నిమిషాల పనేలే మే" అంటూ జబీ లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద, వేయించిన చెనిక్కాయలు ఆరబోసిన పళ్ళెం పక్కనే పెట్టాడు. "ఒక లెటర్. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు కదా. నువ్వైతే పద్ధతిగా రాస్తావు. రేపు సాయంత్రానికి పంపాల."

కరీమున్నీసా కాయల పొట్టు నలుపుతూనే తెర వైపు చూసింది. "ఏం లెటర్ బావా?"

"ఆ ఖర్జూరాల హాలు లీకేజీది. ఎందుకు కారిందో రాసియ్యమన్నారు. పట్టీ అతికించినోడు దుమ్ము తుడవకుండా జిగురు పూసినాడు, అందుకే ఊడొచ్చింది, వాణ్ని పనిలోంచి తీసేసి ఇంటికి పంపిస్తాండాం, మళ్ళీ ఇట్ల జరగదు అని రాయి. అంతే."

"ఎవరు అతికించింది?"

"అంజన్న." నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు తక్కువైంది మే."

ఐదు నిమిషాలు అనే మాటకు ఆ ఇంట్లో గడియారంతో సంబంధం లేదు. మొదటిసారి అతను ఆ మాట అన్నప్పుడు కూతురు హఫ్సా నాలుగు నెలల పిల్ల. పాలు తాగుతూ నిద్రపోయిన పిల్లను ఎడమ చేతి మీద పెట్టుకుని, కుడి చేత్తో మౌసు కదుపుతూ, ఒక నేలమాళిగ పార్కింగు తాలూకు వాటర్‌ప్రూఫింగ్ డ్రాయింగును ఆమె పదకొండు రోజులు గీసింది. తర్వాత అదే అలవాటైంది. జబీ సైటు నుంచి ఫోటోలు పంపుతాడు. ఆమె లెక్కలు కట్టి, గీసి, కింద కుడి మూల గడిలో 'తయారు చేసినవారు' అన్నచోట అతని పేరు తనే టైపు చేస్తుంది. ఆరేళ్ళలో మూడు వందల సార్లయినా చేసి ఉంటుంది. వేళ్ళకు అది ఎంతగా పట్టుబడిందంటే, పోయిన ఏడాది పంటి నొప్పితో క్లినిక్కుకు పోయి ఫారం నింపుతూ, రోగి పేరు దగ్గర జబీవుల్లా అని రాసేసింది. అక్కడి అమ్మాయి నవ్వింది. ఆమే నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు అద్దం ముందు నిలబడి నొప్పి పుట్టిన పన్నును నాలుకతో తడుముతూ ఉండిపోయింది, అది తనదేనని తేల్చుకుంటున్నట్టు.

ఇద్దరూ నంద్యాల కాలేజీలోనే సివిల్ చదివారు. జబీ ఆమెకు మేనమామ కొడుకు, ఒక ఏడాది పెద్ద. అతను తప్పిన మూడు పేపర్లూ ఆమె నోట్సు చదివే గట్టెక్కాడు. ఆమె హైదరాబాదులో ఒక స్ట్రక్చరల్ ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది కూడా. పెళ్ళయ్యాక సౌదీలో ఈ ఉనైజా. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు ప్రకారం ఆమె భార్య, పని చేయడానికి వీల్లేదు. "చూడు మే, గవర్నమెంటే నీకు రెస్టిచ్చింది" అని జబీ అప్పట్లో ముచ్చటపడ్డాడు. అత్త మదార్బీ వారానికోసారి వీడియోలో కనిపించి ఒకే ఊపిరిలో రెండు మాటలూ అంటుంది. 'ఇంట్లో ఊరికే కూచుంటే ఏం తోస్తాదిలే నీకు' అని ఒకటి, 'మొగోనికి పనిలో రోంత సాయంగా ఉంటే అరిగిపోతావా కోడలా' అని ఇంకొకటి. కొడుకు వాట్సాపులో పంపిన డ్రాయింగును వీధిలో వాళ్ళందరికీ చూపించి, 'మా జబీ చెయ్యి ఎంత నీటుగా ఉంటాదో చూడండి' అంటుందట. ఆ మాట మోసుకొచ్చి చెప్పింది కూడా జబీనే, వింటే ఆమె సంతోషిస్తుందనుకుని. అతనిలో ఆమెను ఎక్కువ కలవరపెట్టేది ఆ అమాయకత్వమే. దొంగకు తాను దొంగిలిస్తున్నానని తెలుసు. ఇతనికి తెలియదు.

అయినా ఆ పనంటే ఆమెకు ఇష్టం. ఒప్పుకోవడానికి సిగ్గేసేంత ఇష్టం. అందులోనూ ఎక్స్‌పాన్షన్ జాయింట్లంటే మరీ. పొడవాటి కట్టడాన్ని ఒకే ముక్కగా కడితే అది ఎండకు సాగి, చలికి ముడుచుకుని, ఎక్కడ బలం తక్కువైతే అక్కడ పగులుతుంది. అందుకే కట్టేటప్పుడే మధ్యలో రెండంగుళాల సందు వదులుతారు. ఆ సందులోంచి వాన నీళ్ళు దిగకుండా పైన రబ్బరు పట్టీ అతికిస్తారు. పట్టీని బిగుతుగా లాగి అతికించకూడదు, సందులోకి ఊయల గుడ్డలా కాస్త వేలాడేట్టు ముడత వదలాలి. చలికి సందు వెడల్పయినప్పుడు ఆ ముడత విచ్చుకుంటుంది. ఎంత ముడత వదలాలన్నదే లెక్క. జబీ ఒకసారి స్నేహితుల ముందు "సంసారంలో కూడా అట్ల రోంత గ్యాప్ ఉండాలప్పా" అంటే అందరూ నవ్వారు. ఆమె టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. సందు అంటే సందే. కాంక్రీటు కదులుతుంది, దానికి చోటివ్వాలి. అందులో ఎవరూ అలగరు, ఎవరి మనసూ కనిపెట్టి మసలుకోనక్కర్లేదు. రోజు మొత్తంలో ఎవరి ముఖమూ చూడకుండా ఆమె ఆలోచించగలిగే చోటు అదొక్కటే.

అన్నం తిని జబీ సైటుకు వెళ్ళిపోయాడు. పొట్టు చెరిగి, గింజలు డబ్బాలో పోసి, చేతులు కడుక్కుని ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఊరి బయట ఖర్జూరాలను శుభ్రం చేసి పెట్టెల్లో నింపే కొత్త హాలు అది. నూట ఇరవై మీటర్ల పొడవు, కప్పు మీద కార్లు నిలిపే చోటు. జులైలో పట్టీ అతికించి, కప్పు మీద మూడు రోజులు నీళ్ళు కట్టి పరీక్ష పెడితే చుక్క కారలేదు. నవంబరు మూడో వారంలో తొలి వాన పడింది. హాలు మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, స్కేలు పెట్టి గీసినట్టు కారింది. కింద పేర్చిన సుక్కరీ ఖర్జూరం పెట్టెలు నాలుగు వరసలు నానిపోయాయి.

లెటర్‌లో డ్రాయింగు నంబరు వేయాలి కదా అని ఫోల్డరు తెరిచింది. అందులోనే ఊడిన పట్టీ ఫోటోలున్నాయి. ఒకదాన్ని పెద్దది చేసి చూసింది. జిగురు పట్టని పట్టీ అక్కడక్కడా పెచ్చులుగా లేస్తుంది. ఇది అలా లేదు. ఒక వైపు అంచు అంతా తిన్నగా, ఒకే వెడల్పున, ఎవరో పట్టుకుని లాగినట్టు ఊడి వచ్చింది. ముడత అన్నది ఎక్కడా మిగల్లేదు. రబ్బరు తీగలా బిగుసుకుపోయి ఉంది.

ఆమె లెక్క కాగితం తీసింది. తను కట్టిన లెక్కే. పట్టీ అతికించేటప్పుడు స్లాబు వేడి: ముప్పై డిగ్రీలు. చలికాలంలో ఐదు. ఆ తేడాకు వదలాల్సిన ముడత: ఇరవై మిల్లీమీటర్లు. పుస్తకంలో అలాగే ఉంటుంది, ఎక్కువా తక్కువా కాని మధ్యస్థపు వేడిలో పట్టీ వేయాలని. కానీ ఉనైజాలో, జులై నెలలో, కాలుతున్న స్లాబు మీద ముప్పై డిగ్రీలు ఎక్కడుంటాయి? ఏసీ ఆపేసిన ఈ గదిలో ఉంటాయి. ఆ నెలలో స్లాబు యాభై దాటి కాగి ఉంటుంది. కాంక్రీటు సాగి, సందు ఇరుకైపోయి ఉన్నప్పుడు పట్టీ వేశారు, అందుకే పరీక్షలో చుక్క కారలేదు. చలి రాగానే సందు నోరు తెరిచింది. ఇరవై మిల్లీమీటర్ల ముడత అయిపోయాక ఇక విచ్చుకోవడానికి ఏమీ లేక పట్టీ ఊడి వచ్చింది. పని ఏ నెలలో చేస్తారు అని ఆమె అడగలేదు. అడగాలని తట్టలేదు. అప్పట్లో కన్సల్టెంటు ఇంజనీరు జౌహరా, రియాద్ ఆఫీసులో ఉండే సౌదీ అమ్మాయి, కామెంట్ల పట్టికలో ఒకే ఒక్క ప్రశ్న వేసింది: పట్టీ ఏ వేడిలో వేస్తారని లెక్క కట్టారు? జవాబు గడిలో కరీమున్నీసా 'ముప్పై' అని రాసింది. జబీ పేరుతో.

ముందు ఒళ్ళంతా చల్లబడింది. చిన్నప్పుడు బళ్ళో లెక్క తప్పు చేసి నల్లబల్ల ముందు నిలబడ్డప్పటి చలి. అది పోయాక ఇంకేదో వచ్చింది. దాన్ని ఆమె వెంటనే పోల్చుకోలేకపోయింది, అలవాటు తప్పి చాలా కాలమైంది కాబట్టి. అది సంతోషం. ఇన్నేళ్ళుగా సరిగ్గా ఉన్నవన్నీ జబీవి. ఈ తప్పు జబీది కాదు. ఈ తప్పు అతనికి చేయను కూడా చేతకాదు. రోజూ ఎండలో నిలబడే మనిషి చెయ్యి ముప్పై అని రాయదు. పరదాలు దించిన గదిలో కూర్చుని, బయట ఎంత వేడి ఉందో ఫోనులో చూసి తెలుసుకునే మనిషే రాస్తుంది. ఆ రెండంకెల నిండా తన ఆరేళ్ళూ ఉన్నాయి. ఇది నాది, అనుకుంది. అనుకున్న మరుక్షణం ఒక మనిషి కూడు పోతుంటే తన లోపల అలా వెలిగినదేమిటో చూసుకుని భయపడింది. లాప్‌టాప్ మూసేసి, హఫ్సాను స్కూలు నుంచి తెచ్చుకోవడానికి అబాయా తొడుక్కుంది. ఆ రోజు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మర్నాడు పొద్దున పదింటికి అంజన్న వచ్చాడు. అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. ఏడేళ్ళుగా ఇక్కడ పట్టీలు, మెంబ్రేన్లు అతికించే పనే. సారు రియాద్ పోయినప్పుడల్లా సైటు కాగితాలు తెచ్చి ఇంట్లో ఇచ్చేది అతనే. ఒకసారి అలా వచ్చినప్పుడు తెరిచిన తలుపులోంచి బల్ల మీది తెరను, దాని ముందు సగం జరిపిన కుర్చీని చూశాడు. ఆ తర్వాత నుంచి 'మేడం' మానేసి 'అక్కా' అన్నాడు. ఇవాళ అతని చేతిలో కాగితాలు లేవు. గడప అవతలే ఆగిపోయాడు.

"సారు లేడా అక్కా?"

"సైటుకే పోయినాడు కదా."

"ఎరుకే. లేనప్పుడే వద్దామని వచ్చిన." టోపీ తీసి చేతుల్లో తిప్పుకున్నాడు. "నాకు ఖురూజ్ కొడ్తరట. ఇగ మల్ల ఈ దేశం మొకం సూసుడు లేదు. దుమ్ము తుడ్వలేదని కాయితం రాస్తున్రట. మీరే రాస్తరని ఆఫీసుల అనుకుంటున్రు... అంటే, సారు ఇంటికాడ రాస్తడని."

ఆమె తలుపు రెక్కను ఇంకాస్త తెరిచింది.

"ఒట్టు పెట్టమంటే పెడ్త అక్కా. బ్లోయర్ కొట్టిన. బట్ట పెట్టి తుడిసిన. ప్రైమరు రెండుసార్లు ఏసిన. నేను జిగురు పెడితే కత్తివెట్టి కోసినా రాదు. ఏడేండ్ల సంది ఒక్కటన్న ఊడిందా, అడుగుండ్రి సారును."

"అంజన్నా, జులైలో అక్కడ ఎట్లుండింది?"

అడిగేదేమిటో అర్థం కానట్టు చూశాడు. "ఎట్లుంటది? పొద్దుగాల ఎనిమిదింటికే మోకాలు ఆనిస్తే తోలు ఊడొస్తుండె. అట్టలు పర్సుకొని కూసున్నం. సందుల నా రెండు వేళ్ళు పెడితే ఇరికినయ్. ఇప్పుడు మూడు పెట్టినా ఆడుతున్నయ్. గప్పుడే సారుకు చెప్పిన. సారూ, ఇది ఎండకు దగ్గరికొచ్చింది, సలికి నోరు తెరుస్తది, పట్టీ జర ఎక్కువ ఇడుద్దామా అని."

"ఏమన్నాడు?"

"డ్రాయింగుల ఎంతుంటే గంతే ఎయ్యి అన్నడు." ఆమెను ఓదారుస్తున్నట్టు గొంతు తగ్గించి, "నేను గుడ మల్ల అనలే అక్కా. మీరు గీసింది గదా. అక్క లెక్క తప్పది అనుకున్న" అన్నాడు.

అతను పోయాక ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆరేళ్ళలో ఆమె పనిని ఆమె పనిగా నమ్మిన మనిషి ఒక్కడున్నాడు. ఆ నమ్మకం వల్లే అతను నోరు మూసుకున్నాడు. తను ఎవరికీ కనిపించనందువల్ల ఎవరికీ హాని జరగదనే ఆమె ఇంతకాలం అనుకుంది. తన బతుకును తను చిన్నది చేసుకుంటే అది తన నష్టమే అనుకుంది. కనిపించని మనిషిని ఎవరూ అడగలేరు. అక్కా, నీకు ఎండ సంగతి తెలుసా, అని ఎవరూ వచ్చి అడగలేదు. అడగడానికి ఆమె ఎక్కడా లేదు.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక జబీ టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుంది.

"తప్పు అంజన్నది కాదు బావా. లెక్కది. ముప్పై డిగ్రీలని వేసినా. ముడత చాలలేదు."

అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అతను తెలివి లేనివాడు కాదు. తెలివిని వాడాల్సిన అవసరం లేకుండా చాలా కాలం బతికినవాడు. కప్పు కింద పెట్టాడు.

"ఈ మాట ఇంక యాడా అనాకు."

"నాది తప్పు అని చెప్తా."

"నీ తప్పేంది మే?" నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "నువ్వెవరు? ఆ కాగితంలో నీ పేరు యాడన్నా ఉందా? డ్రాయింగు తప్పు అంటే నాది అవుతాది. నన్ను పంపిస్తారు. హఫ్సా స్కూలు ఏం కావాల? పైగా నీ ఇఖామాలో ఏముందో మర్చిపోయినావా? ఇంట్లో కూచోబెట్టి పని చేయించినానని నన్నే కదా పట్టుకునేది?"

"అంజన్న జులైలోనే చెప్పినాడంట."

"వాడు రోజుకు పది చెప్తాడు. నేను నీ లెక్కను నమ్మినా. అదీ నా తప్పేనా?" గొంతు లేచింది. "ఇంట్లో కూచోని గీసేదానివి, ఎండ గురించి నీకేం తెలుసు?"

అది తిట్టే. కానీ జరిగిన పొరపాటును అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆమె అతని వైపు దాదాపు కృతజ్ఞతగా చూసింది. "తెలీదు. నేను చెప్తాండేది కూడా అదే."

ఆ జవాబుకు అతను తడబడ్డాడు. లేచి వచ్చి పక్కన కూర్చుని మెత్తగా మాట్లాడాడు. "మున్నీ, నీకు నేనేం తక్కువ చేసినా చెప్పు. ఒక్క మాటన్నా ఎత్తి మాట్లాడినానా మీ ఇంటోళ్ళ మాదిరి? అంజన్నను ఒక ఏడాది ఊళ్ళో ఉండనీ. మళ్ళీ ఏదో ఒక కంపెనీలో పెట్టిస్తాలే. ఆ లెటర్ నువ్వు రాయద్దులే, నేనే రాసుకుంటా."

రాసుకున్నాడు. మంచం అంచున కూర్చుని రెండు వేళ్ళతో అరగంట కొట్టాడు. ఆమె హఫ్సా యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే లాప్‌టాప్ తెచ్చి ఇస్త్రీ బల్ల మీదే పెట్టాడు. "ఒక్కసారి చూడు మే, ఇంగ్లీషు బాగానే ఉందా?" ఆమె వంగి చూసింది. మొదటి వాక్యంలో కాలం తప్పింది. రెండో దాంట్లో మాటల వరస తప్పింది. 'పనివాడు బాగా పని చేయలేదు' అన్నచోట వాక్యం నీరుగారిపోయి ఉంది. చెయ్యి కదిలింది. కాలం సరిచేసింది, వరస సరిచేసింది, అక్కడ 'అజాగ్రత్త' అన్న గట్టి మాట పెట్టింది. ఇప్పుడు బాగుంది. జబీ 'పంపు' అన్న బొమ్మ మీద నొక్కి, "థాంక్స్ మే" అని హాల్లోకి పోయాడు.

ఇస్త్రీ పెట్టె కింద గౌను అంచు మాడిన వాసన వచ్చేదాకా ఆమె తన వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. భయపడి చేసి ఉంటే తనను తను క్షమించుకోగలిగేది. భయం కాదు. ఎదుటికి వచ్చిన దేన్నైనా చక్కదిద్దడం. మాడిన కూరను, పిల్ల జ్వరాన్ని, అత్త అలకను, మొగుడి వాక్యాన్ని. ఆ వాక్యం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడకుండానే దాన్ని చక్కదిద్దింది. ఇన్నాళ్ళూ తన నుంచి ఏదో తీసుకుపోతున్నారని బాధపడింది. తీసుకుపోవడానికి వీలుగా తనే మడతపెట్టి, అంచులు సరిచేసి అందిస్తోందని ఆ రోజే చూసింది.

కన్సల్టెంటు మర్నాడే, బుధవారం పదిన్నరకు తనిఖీకి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ సమయం ఖాయం చేసిన మెయిలు రాసింది ఆమే. పొద్దున హఫ్సాను స్కూల్లో దింపి, ఫోనులో టాక్సీ పిలిచింది. దారిలో ఖర్జూరపు తోటలు, గోడౌన్లు, మళ్ళీ తోటలు. ఇంగ్లీషులో ఏం చెప్పాలో మనసులో మూడుసార్లు కూర్చుకుంది. మూడుసార్లూ అది లెటర్‌లా చక్కగా వచ్చింది. చక్కగా వచ్చిన ప్రతిసారీ చెరిపేసుకుంది.

తను గీసిన కట్టడాన్ని ఆమె ఎన్నడూ కంటితో చూడలేదు. కార్లు ఎక్కే ర్యాంపు మీదుగా నడిచి కప్పు చేరింది. తెర మీద రెండు గీతలుగా ఉన్న సందు ఇక్కడ దుమ్ముతో, ఒక సిగరెట్టు పీకతో, ఎవరో ఉమ్మిన ఖర్జూరపు గింజలతో కప్పును అడ్డంగా కోస్తూ పోతోంది. ఊడదీసిన పట్టీ పక్కన చుట్టలా పడి ఉంది. నవంబరు ఎండ ముఖానికి హాయిగానే ఉంది, చెప్పుల్లోంచి మాత్రం అరికాళ్ళకు వెచ్చగా తగులుతోంది. జులైలో ఇది ఎలా ఉంటుందో ఊహించబోయి, మానుకుంది. ఊహించే కదా ఇంత దూరం వచ్చింది.

జబీ ఆమెను చూసి పరుగులాంటి నడకతో ఎదురొచ్చాడు. "ఏం మే, పాపకేమన్నా అయిందా?"

"పాపకేం కాలేదు."

నల్ల హిజాబు మీద తెల్ల హెల్మెట్ పెట్టుకున్న సన్నటి అమ్మాయి సందు దగ్గర గొంతుక్కూర్చుని పట్టీ అంచును వేలితో రాస్తోంది. తలెత్తింది. జౌహరా. వయసు ముప్పై కూడా ఉండదు. కొంచెం దూరంలో అంజన్న చేతిలో టేపు పట్టుకుని, ఎటు చూడాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

"నా భార్య" అన్నాడు జబీ ఇంగ్లీషులో, నవ్వుతూ. "ఇంటి పనేదో ఉండి వచ్చినట్టుంది."

"ఈ డ్రాయింగు నేను గీశాను" అంది కరీమున్నీసా. ఇంగ్లీషే, కానీ కూర్చుకున్నది ఏదీ రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. "లెక్క నాది. ముప్పై అని రాసింది నేను. ముడత చాలలేదు. జిగురు బాగానే ఉంది. నిన్న మీకొచ్చిన లెటర్ అబద్ధం. దాన్ని దిద్దింది కూడా నేనే. ఇతను" అని అంజన్నను చూపించింది, "జులైలోనే చెప్పాడు. ఎవరూ వినలేదు."

"టైపింగులో అప్పుడప్పుడు నాకు సాయం చేస్తుంది మేడం" అన్నాడు జబీ. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దించడం మరిచిపోయినట్టు.

జౌహరా అతని వైపు చూడలేదు. "ఎంత పొడవుకు లెక్క కట్టారు?" అని అడిగింది ఆమెను.

"అరవై మీటర్లు. ఇటువైపు సగం, అటువైపు సగం."

"కాంక్రీటు ఆరి కుంచించుకుపోయేదానికి?"

"రెండు మిల్లీమీటర్లు కలిపాను. అది కూడా తక్కువే."

"జులైలో ఈ స్లాబు ఎంత వేడెక్కుతుంది?"

"నాకు తెలియదు."

జౌహరా చేతి దుమ్ము దులుపుకుని లేచింది. "ఆ ప్రశ్న అడిగింది నేను. ముప్పై అని జవాబొస్తే ఒప్పుకున్నదీ నేనే. మా ఆఫీసు పంతొమ్మిదో అంతస్తులో ఉంది, అక్కడ స్వెట్టరు వేసుకుని కూర్చుంటాం." ముఖంలో నవ్వు లేదు. "పనివాడి తప్పు కాదని రిపోర్టులో రాస్తాను. లెక్క తప్పని, దాన్ని నేను ఆమోదించానని రాస్తాను. మీ పేరు కూడా రాయాలి. ఆ తర్వాత మీకు, మీ ఆయనకు ఏం జరుగుతుందో నేను చెప్పలేను."

"రాయండి."

జౌహరా ఆమె పేరు అడిగి రాసుకుంది. "కొత్త పట్టీకి ముడత ఎంత ఇవ్వాలి?"

"నలభై ఐదు మేడం" అన్నాడు జబీ వెంటనే. "రేపే డ్రాయింగు మార్చి పంపిస్తాం."

"తెలియదు" అంది కరీమున్నీసా. ఆ మాట అనడం ఇంత తేలిక అని ఆమె ఎరగదు. "ఈ సందు ఎంత కదులుతుందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. పొద్దున ఒకసారి, ఎండలో ఒకసారి కొలవాలి. ఒక్కరోజు కొలిస్తే చాలదు. అప్పటిదాకా పైన తాత్కాలికంగా ఏదైనా కప్పి ఉంచండి. నేను రోజూ వస్తాను."

జౌహరా తలూపి, కాగితాల మీదకు వంగింది. కరీమున్నీసా చేయి చాపితే అంజన్న టేపు ఇచ్చాడు.

"రోజూ వస్తావా?" జబీ గొంతు తగ్గించి తెలుగులో అడిగాడు. అందులో కోపం ఇంకా మొదలు కాలేదు. కలవరం ఉంది, దారి తప్పిన మనిషి అడిగినట్టు ఉంది. "ఒంటిగంటకు పాపను స్కూలు నుంచి ఎవరు తెస్తారు మే? అన్నం ఎవరు వండుతారు?"

ఆమె సందు పక్కన మోకాలు ఆనించింది. అబాయా లోంచి స్లాబు వేడి ఒంటికి తగిలింది. టేపు కొనను ఈ అంచుకు పెట్టి, ఆ అంచు దాకా లాగి, వంగి చదివింది.

"యాభై ఎనిమిది. టైమెంతయింది అంజన్నా?"

"పదకొండయితుంది అక్కా."

"రాసుకో. మళ్ళీ ఒంటిగంటకు చూద్దాం."